పెద్దవారి మొదటి చెంచా

చీఫ్ గొంతు తగ్గించాడు.

“ఈ దేశంలో భోజనం బల్ల దగ్గర ఓ పద్ధతుంది. అందరిలోకీ పెద్దవాళ్ళు మొదటి చెంచా నోట్లో పెట్టుకునేదాకా మిగతావాళ్ళు ముట్టరు. మొదటి గిన్నె వాళ్ళకే. వద్దంటే అవమానం. ఇవాళ విందులో ఓ ముఠా ఆ గిన్నెలో విషం కలపబోతోంది.”

“పెద్దవాళ్ళంటే ఎవరు సార్?”

“మన ప్రొఫెసర్. డెబ్బై రెండేళ్ళు. కొత్త రాడార్ డిజైన్ అంతా ఆయన బుర్రలో ఉంది. ఆయన్ని మధ్యాహ్నం విమానంలో రహస్యంగా పంపించేస్తున్నాం. ఆయన వేషంలో విందుకి నువ్వెళ్తావు. విమానం లేచేదాకా ఆ ముఠాకి అనుమానం రాకూడదు. వచ్చిందంటే దారిలోనే ఆయన్ని చంపేస్తారు.”

“మరి ఆ గిన్నె?”

“తినకు,” అన్నాడు చీఫ్, అదేదో సులువైన పనైనట్టు.

ఆఫీసులో ఈ ఏజెంట్‌ని ‘నిబ్బరం’ అని పిలుస్తారు, వెటకారంగానే. వయసు ముప్పై నాలుగు. రెండు గంటల మేకప్‌తో తెల్ల విగ్గు, తెల్ల మీసం, ముడతలు వచ్చాయి. చేతుల వణుకు మాత్రం సొంతం. చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే రిసీవర్ పెట్టారు. విమానం లేవగానే అందులో “వాన వెలిసింది” అని వినిపిస్తుంది.

పన్నెండున్నరకి రెస్టారెంట్. విందు ఇస్తున్నది ముఠా నాయకుడు, యాభై అయిదేళ్ళ బట్టతల వ్యాపారి. ఎదురుగా అతని ఇద్దరు కుర్ర అనుచరులు. పక్కన ముత్యాల హారంతో ఒకావిడ. తన మనిషేనని అతను నమ్ముతున్న ఆ ముత్యాలావిడ మూడేళ్ళుగా చీఫ్‌కి కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఆవిణ్ణి చూస్తూ వెయిటర్లు గ్లాసులు పొంగించేస్తున్నారు.

ముసలి హెడ్ వెయిటర్ సూప్ గిన్నె తెచ్చి నిబ్బరం ముందు పెట్టి, వినయంగా మూత తీశాడు. ముత్యాలావిడ తన గ్లాసు ఖాళీ చేసి బోర్లించింది. ఆ సైగకి అర్థం ఒకటే, విషం కలిసింది. నిబ్బరానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ముందు కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది ముక్కు మీదే ఉంది. తర్వాత తీరిగ్గా దగ్గాడు. ఆ తర్వాత జేబులోంచి మాత్ర తీసి మింగాడు.

“ఇది వేసుకున్నాక పావుగంట ఆగి తినమన్నాడు మా డాక్టరు.”

“ఆగుదాం ప్రొఫెసర్ గారూ,” అని నాయకుడు వాచీ చూసుకున్నాడు.

ఆ పావుగంటా అందరూ చేతులు కట్టుకుని నిబ్బరం నోటి వంకే చూశారు. కొత్త అల్లుడిగా అత్తారింట్లో మొదటిసారి భోజనానికి కూర్చున్నప్పుడు కూడా అతన్ని ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. చెవిలో గరగర తప్ప ఏమీ లేదు.

“పావుగంట అయింది,” అన్నాడు నాయకుడు.

నిబ్బరం చెంచా ఎత్తాడు. పక్కన నిలబడ్డ హెడ్ వెయిటర్‌కి ఎనభై దగ్గర పడి ఉంటాయి. ‘ఈయన నాకన్నా పెద్ద, ముందు ఈయన్ని తిననివ్వండి’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పాపం, ఆ ముసలాయన సంతోషంగా కూర్చుని తినేసేవాడు. అలాంటి ఆలోచన వచ్చినందుకు నిబ్బరం సిగ్గుతో చచ్చిపోయాడు. చెమటకి మీసం ఓ పక్క ఊడింది.

నాయకుడి చూపు ఆ మీసం మీద ఆగింది. “ఏమిటది?” అంటూ ఫోన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

ఆ ఫోన్ వెళ్ళిందంటే ప్రొఫెసర్ పని సరి. నిబ్బరం గబుక్కున చెంచా ముంచి పెదవుల దాకా తెచ్చాడు. నాయకుడి చెయ్యి ఆగింది. నిబ్బరం కళ్ళు మూసుకున్నాడు. పొద్దున ఫోన్‌లో భార్య మీద అనవసరంగా విసుక్కున్నది గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. నోరు తెరిచాడు.

“వాన వెలిసింది.”

చెంచా గిన్నెలోకి జారిపోయింది. నిబ్బరం విగ్గూ మీసమూ తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకు ముప్పై నాలుగేనండీ. ఇక్కడ పెద్దవారు మీరే.” గిన్నె నాయకుడి ముందుకి తోశాడు. “మొదటి చెంచా తమరిది.”

నాయకుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. గిన్నె ఒంపేయబోతే ముత్యాలావిడ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. పక్క బల్ల దగ్గర అతిథుల్లా కూర్చున్న పోలీసులు లేచి అతన్నీ, అనుచరులనీ, సాక్ష్యంగా ఆ గిన్నెనీ తీసుకుపోయారు.

నిబ్బరానికి ఆకలి దంచేస్తోంది. హెడ్ వెయిటర్ కొత్త సూప్ తెచ్చి, మిగిలిన ఇద్దరి మధ్యా ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు.

“క్షమించాలి. ఇప్పుడు పెద్దవారెవరండీ?”

నిబ్బరం మర్యాదగా ముత్యాలావిడ వైపు చూశాడు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ అందుకుని లేచింది. “నాకు ఆకలిగా లేదు.”