కల్నల్ ప్రసంగానికి అనువాదం

"రేపు మీటింగులో మంత్రసానిని చంపుతారు," అన్నాడు నిఘా విభాగం చీఫ్. "వాడేది మన సైన్యం పేలుడు సరుకే. చంపింది సైన్యమేనని శిబిరమంతా నమ్మాలని వాళ్ల ప్లాన్."

డేగ కుర్చీ అంచున కూర్చుంది. ఆ మారుపేరు వచ్చిందే ఆమె ఒకచోట కుదురుగా ఉండలేకపోవడం వల్ల.

యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ల శిబిరం అది. నీళ్లకు వెళ్లే దారిలో వాళ్లమీద దాడులు చేసేది విదేశీ ముఠా. ఆ మనుషుల మొహాలు ఎరిగింది మంత్రసాని ఒక్కతే. రేపు సైన్యం ముందు, సహాయ సంస్థల ముందు ఆమె నోరు విప్పబోతోంది. సంఘర్షణల్లో స్త్రీల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ ఆమెను ఒప్పించింది.

"ప్రొఫెసర్ సంగతేంటి?"

"మన ఏజెంటే. ఆ ముఠా ఏజెంటు కూడా. రేపు ఎవరి పక్కనుంటుందో ఆవిడకే తెలియాలి."

మర్నాడు డేగ ద్విభాషి వేషంలో హాల్లో అడుగుపెట్టింది. వేలికి ఉంగరం. పేలుడు పదార్థం దగ్గరైతే అది వేడెక్కుతుంది.

సిల్కు స్కార్ఫ్, ఖరీదైన సెంటు. ప్రొఫెసర్ డేగ పక్కనుంచి వెళ్తూ, "వానొచ్చేలా ఉంది," అంది.

"గొడుగు తేలేదు," అంది డేగ. కోడ్ సరిపోయింది.

"కెమెరామన్ మీద కన్నేసి ఉంచు," ప్రొఫెసర్ గొణిగింది.

డేగ కెమెరా చుట్టూ ఒకసారి తిరిగివచ్చింది. ఉంగరం చల్లగానే ఉంది. మనసు మాత్రం కుదుటపడలేదు.

ప్రొఫెసర్ మంత్రసాని ముందు రికార్డర్ పెట్టి, స్విచ్ నొక్కి, "ఒక్క ఫోన్ చేసొస్తా," అని బయటికి నడిచింది. కల్నల్ ప్రసంగం అందుకున్నాడు.

బతిమాలి తెచ్చుకున్న సాక్షి మాట్లాడే వేళ ఫోనేమిటి? డేగ రికార్డర్ పక్కన బల్లమీద చెయ్యి ఆనించింది. ఉంగరం చురుక్కుమంది.

కిటికీ అవతల ప్రొఫెసర్, చేతిలో ఫోను. అక్కణ్ణుంచి ఆవిడకు కల్నల్ ఒక్కడే కనిపిస్తాడు; ఆయన పక్కకు తప్పుకునేదాకా ఆగుతుంది. లోపల గోల వినిపిస్తే మాత్రం వెంటనే పేల్చేస్తుంది.

"మీ భద్రత మా పవిత్ర బాధ్యత..." అంటున్నాడు కల్నల్.

డేగ నింపాదిగా, ఆ ఆడవాళ్ల భాషలో చెప్పింది: "అమ్మలూ, చప్పుడు చెయ్యకుండా లేచి వెనక తలుపులోంచి వెళ్లిపోండి. మంత్రసాని పెద్దమ్మను ముందు పంపండి."

ఎందుకని ఒక్కరూ అడగలేదు. అలాంటి మాట వాళ్లు ఇంతకుముందూ విన్నారు. వాళ్లను చూసి సహాయ సంస్థల వాళ్లూ, కెమెరామనూ వెనకే జారుకున్నారు. ఖాళీ అవుతున్న బెంచీలు చూసి కల్నల్ తడబడ్డాడు.

"ఆపకండి సార్," అంది డేగ, పెదవులు కదపకుండా.

చివరి మనిషి గడప దాటగానే డేగ రికార్డర్ అందుకుని, అవతలి గోడ కిటికీలోంచి బయటి ఇసుక బస్తాల వెనక్కి విసిరి, కల్నల్‌ను నేలమీదకు లాగింది. హాలు అదిరింది. అద్దాలు జలజలా రాలాయి.

పారిపోతున్న ప్రొఫెసర్‌ను గేటు దగ్గర సెంట్రీలు పట్టుకున్నారు. పెరట్లో మంత్రసాని అప్పుడే ఒక రాయిమీద కూర్చుని, ఇక్కడే చెప్తాను రమ్మని చెయ్యి ఊపుతోంది.

కల్నల్ యూనిఫాం దులుపుకుంటూ లేచాడు. "నా ప్రసంగం సగంలో ఉండగానే అందరూ వెళ్లిపోయారు. ఏం చెప్పారు మీరు?"

"మీరు చెప్పిందే సార్. భద్రత గురించే. కాస్త కుదించానంతే."