తిట్టు వినని చెవి

"నూకరత్నం గారూ, కేజ్ దించితే సంతోషిస్తాను. మీ అభిప్రాయం నాకెంతో విలువైనది."

ఎడమ చెవిలోని చెవిమల్లె మేనేజరు కాల్విన్ మాటల్ని తేనెలో ముంచి అందించింది. కుడి చెవిదాన్ని నూకరత్నం ఎప్పుడో తీసి కొంగున ముడేసుకుంది. ఆ బోసి చెవికి అతని అసలు గొంతు వినిపించింది. "లోయర్ ఇట్ నౌ. దిస్ ఈజ్ యువర్ లాస్ట్ వార్నింగ్."

చెవిమల్లెలు ఏ భాషనైనా ఎవరి భాషలోకి వాళ్లకు మార్చి, అందులోని వేడిని వడగడతాయి. కోపం ఎవరికీ తగలదని తెలిసిన మనిషి మరింత తెగించి కోప్పడతాడని, ఒక చెవి బోసిగా ఉంచుకున్నాకే ఆమెకు అర్థమైంది. అర్థం కాని మాటల్ని గుర్తుపెట్టుకుని, సాయంత్రాలు పక్కింటి జోసెఫిన్ టీచరమ్మను అడిగేది.

"'యూ విల్ బి సారీ' అన్నాడంటే నిన్ను బెదిరిస్తున్నాడే రత్నం. 'ఆర్ ఎల్స్' అని ఆపేస్తే, మిగతాది నువ్వే ఊహించుకుని భయపడాలని."

ఇప్పుడామె భయపడుతూనే ఉంది. కానీ కేజ్ దించే వించ్ మీటను మాత్రం కదపలేదు. ఓడ అంచున కేజ్‌ను పట్టుకున్న ఇనుప తాడులో ఒక పేట తెగి ఉంది. కేజ్‌లో, సముద్రం అడుగున గొట్టాలు అతికించడానికి సిద్ధంగా, మరిది దానయ్య ఉన్నాడు.

"బయటికి రారా సచ్చినోడా! తాడు తెగితే సేపలకి మేతైపోతావు!"

దానయ్య నవ్వుతూ చెయ్యూపాడు. "అలాగే వదినా, తీరిగ్గా సూద్దారి."

చెవిమల్లెలు రాకముందు వాళ్ల చేపల పడవల మీద ప్రమాదాన్ని ఎవరూ మర్యాదగా చెప్పేవారు కాదు. తెరచాప కొయ్య మీదికి వస్తుంటే తండ్రి కొడుకుని బూతులు తిట్టేవాడు. ఆ బూతే కొడుకు తలను వంచేది. దానయ్య చెవుల్లోని మల్లెలు ఆ తిట్టును చేరనివ్వలేదు. వారం నుంచి తాడు గురించి తను మొత్తుకున్నది కాల్విన్‌కూ ఇలాగే చేరి ఉంటుందని నూకరత్నానికి ఒక్కసారిగా తట్టింది.

మీటకు తాళం వేసి కాల్విన్ ఎదుటికి నడిచింది. రెండో చెవిమల్లె కూడా తీసి అరచేతిలో చూపించింది. నువ్వూ తియ్యి అన్నట్టు అతని చెవి వైపు వేలు చూపింది. కాల్విన్ వినోదంగా నవ్వి తీశాడు.

"ది రోప్ విల్ బ్రేక్," అంది నూకరత్నం. గొంతు తనది కాదు, వాళ్ల నాన్నది. "దట్ బాయ్ విల్ డై. ఐ యామ్ వార్నింగ్ యూ."

కాల్విన్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం చెదిరాయి. తనవైపు దూసుకొచ్చే గొంతును అతడెన్నడూ విని ఎరగడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆర్ యూ థ్రెటెనింగ్ మీ?"

ఆ మాట ఆమెకు తెలుసు. "నో," అంది. "లుక్."

అతను మొదటిసారి తాడు దగ్గరికి వెళ్లాడు. చెయ్యి వేయగానే ఇనుప పోగులు పుటుక్కుమని విడిపోయి వేళ్లలోకి దిగాయి. రక్తం వైపు కాసేపు చూశాడు. తర్వాత కేజ్ తలుపు తెరవమన్నాడు.

దానయ్య బయటికొచ్చాడు. "ఏటయ్యింది వదినా? ఏటన్నావు ఆయన్ని?"

నూకరత్నం అతని చెవులు పట్టుకుని రెండు మల్లెలూ పీకేసింది. పుట్టిన ఏడే పెట్టినవి. అప్పుడు తిట్టింది. వారం రోజుల భయమంతా కక్కేసేలా, ఏడుపు అడ్డుపడేదాకా తిట్టింది.

దానయ్య కొట్టించుకున్నవాడిలా నిలబడిపోయాడు. పోయినేడు కన్నుమూసిన తల్లి గొంతు అతనికి గుర్తుంది. మల్లెల్లోంచి ఎప్పుడూ మెత్తగా, ఎవరి తల్లిదైనా కావచ్చన్నట్టు ఉండే గొంతు.

వదినను అడిగాడు. "మాయమ్మ కూడా నన్నిలాగే తిట్టీదా?"

"రోజూనురా," అంది నూకరత్నం.