జపాన్ కోటలో ఆఖరి పలక

ఏజెంట్ ఇనాయత్ ఆ రోజు చేయవలసిన పనులు:

ఒకటి, మూడు గంటలకల్లా కోట పై అంతస్తు సోదా చెయ్యాలి.
రెండు, నాదియాను కలిసి కోడ్ వర్డ్ సరిచూసుకోవాలి.
మూడు, మూడున్నరకు వచ్చే డాక్టర్ మోరిటాను ప్రాణాలతో లోపలికి తేవాలి, ప్రాణాలతో బయటికి పంపాలి.
నాలుగు, కడపలో ఉన్న భార్య అజీజాకు ఫోన్ చెయ్యాలి.
ఐదు, నేల జోలికి పోవద్దని వడ్రంగి భీమన్నకు ఇంకోసారి గట్టిగా చెప్పాలి.

కోట అసలుది కాదు. జపాన్‌లో నాలుగు వందల ఏళ్ళుగా నిలబడ్డ ఒక కోటకు నకలు. మస్కట్‌లో, అల్ మవాలే ఎగ్జిబిషన్ హాలు లోపల తెలంగాణ వడ్రంగులు మూడు నెలలు చెమటోడ్చి కట్టారు. ఇనాయత్ అక్కడ సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఉన్నాడు.

డాక్టర్ మోరిటా పుట్టింది ఆ అసలు కోట ఉన్న ఊళ్ళోనే. లోకానికి ఆమె సొంతూరి కోట బొమ్మను చూడవచ్చిన ముసలావిడ. కానీ 'నల్లకొంగ' అనే విదేశీ ముఠాలో ఎవరెవరున్నారో ఆ పేర్లన్నీ ఆమె బుర్రలో ఉన్నాయి. ఈ రోజు కోట పై గదిలో ఇనాయత్ వాళ్ళకు ఆ పేర్లు చెప్పేస్తుంది. చెప్పకముందే ఆమెను చంపాలని నల్లకొంగ పంతం.

ముందు రోజే భీమన్న ఇనాయత్‌కు అడ్డం పడ్డాడు.

"సారూ, గిదేం కోట? అడుగేస్తే నేల ఒర్రుతది!"

"కావాలనే అట్లా పెట్టినారు భీమన్నా. శత్రువు దొంగగా వస్తే నేల అరిచి చెప్పాల. అసలు కోటలో కూడా ఇంతే."

"దొంగ అస్తడని మంచి పనిని ఖరాబ్ చేసుకుంటరా? మా దిక్కు తలుపు కిర్రుమంటేనే వడ్లాయన ఇజ్జత్ పోతది."

"డ్రాయింగ్ అట్లా ఉంది. వదిలేయ్."

భీమన్న వదిలేస్తానని మాత్రం అనలేదు.

మూడు గంటలకు చెప్పులు కింద వదిలి ఇనాయత్ పైకెక్కాడు. నేల కుయ్ కుయ్ మని అరిచింది. నడవా చివరి గదిలో నాదియా ఉంది. సిల్కు కిమోనో, ఎర్రని లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని అందం. రెండేళ్ళుగా ఈ ఆపరేషన్లో అతని పార్ట్‌నర్.

"కోటలో గాలి ఎట్లా ఉంది?"

"సముద్రం వైపు నుంచి," అంది నాదియా. కోడ్ సరిపోయింది. మెడ మీద సూది కూడా అప్పుడే దిగింది.

కళ్ళు తెరిచేసరికి అతను ముక్కాలిపీట మీద ఉన్నాడు. చేతులు వెనక, మూల చీకట్లో ఉన్న స్తంభానికి కట్టి ఉన్నాయి. నోటికి టేపు. వాచ్, పెన్ను, బెల్టు మాయం. గాడ్జెట్లన్నీ ఆ మూడింటిలోనే ఉన్నాయని ఆమెకు తెలుసు. వాటిని సంతకం పెట్టి ఇప్పించింది ఆమే.

"క్యా ఇనాయత్ సాబ్, ఇంత అమాయకంగా ఉంటే ఎట్లా?" నాదియా దూలం మీద చిన్న డబ్బా బిగిస్తోంది. "ఇది మాటలకు పేలదు, డప్పులకు పేలదు. ఈ నేల గొంతు ఒక్కటే దీనికి తెలుసు. రికార్డు చేసి నేర్పించాను. ముసలావిడ అడుగు పెట్టడం, పలక అరవడం, కథ అయిపోవడం. నీ కాళ్ళు కట్టలేదు చూడు. కదిపితే ముందు పోయేది నువ్వే. నీకు అంత ధైర్యం లేదులే."

తలుపు బార్లా తెరిచిపెట్టి ఆమె వెళ్ళిపోయింది. ప్రతి అడుగుకీ నేల అరిచింది. అరుపులు ఆగిన కాసేపటికి డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది.

ఇనాయత్ మడమలు పీట కమ్మీ మీదికి లాక్కున్నాడు. పిక్కలు పట్టేశాయి. చెమట కంట్లోకి కారింది. ఊపిరి గట్టిగా తీయాలన్నా భయమే. నేల కింద ఎక్కడో టక్ టక్ మంటోంది. కింది హాల్లో డప్పుల రిహార్సల్ అనుకున్నాడు.

మూడున్నర కావచ్చింది. మెట్ల కింద మాటలు వినిపించాయి.

వాళ్ళింకా కిందే ఉన్నారు. ఇప్పుడు పేలిస్తే పోయేది ఒక్క ప్రాణం. లెక్క తేలిపోయింది. 'అజీజా, ఫోన్ చేయలేకపోయినా' అనుకుని కళ్ళు మూసుకున్నాడు. రెండు కాళ్ళూ ఎత్తి నేలను బలంగా తన్నాడు.

ధబ్.

అంతే. కుయ్ మనలేదు. మళ్ళీ తన్నాడు. ఎర్ర లైటు అలాగే చూస్తోంది. చావబోయినా చావు దొరకలేదు!

నడవా అంతా చప్పుడు లేకుండా దాటి, గుమ్మంలో తెల్ల మేజోళ్ళ పాదం ఒకటి గాలిలోకి లేచింది. డాక్టర్ మోరిటా.

"అమ్మా, ఆగుండ్రి!"

గుమ్మం పక్క చిన్న తలుపులోంచి భీమన్న తల బయటికొచ్చింది. జుట్టు నిండా రంపపు పొట్టు, చేతిలో మైనం ముద్ద, నోట్లో చెక్క చీలలు.

ఆమెకు కాపలాగా వెనకున్న ఆఫీసర్ కసిరాడు. "హటో, హటో!"

"ఏక్ మినిట్ సాబ్! కిందికెంచి అన్నీ బిగించిన. ఏక్ పట్టీ బాకీ హై. గిదొక్కటే ఇంకా ఒర్రుతది." రెండు చేతులూ జోడించాడు. ముసలావిడకు మాట తెలియకపోయినా పనివాడి మొహం తెలిసింది. పాదం వెనక్కి తీసుకుంది.

అప్పుడు చూశాడు భీమన్న. "ఓర్నీ! సేఫ్టీ సారూ!"

ఆఖరి పలక దాటి దూకి పరిగెత్తుకొచ్చాడు. అడుగు పడినప్పుడల్లా ఇనాయత్ ఎర్ర లైటు వైపు చూశాడు. నేల మాత్రం నోరెత్తలేదు. భీమన్న టేపు పీకాడు.

"ఆ పలక! ఎవరూ తొక్కొద్దండీ!"

సాయానికి ఉరకబోయిన ఆఫీసర్ బొటనవేలు పలకకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

కింది హాల్లో కాచుకుని ఉన్న నాదియా ఆ కేక విని, చెప్పులు వెతుక్కోకుండా పార్కింగ్‌లోకి పరిగెత్తింది. జూన్ నెల, మధ్యాహ్నం, మస్కట్ తారు. పది అడుగులు కూడా పోలేకపోయింది. "చెప్పులు ఇవ్వండి, అరెస్టు తర్వాత!" అని పోలీసులను ఆమే బతిమాలిందట.

డబ్బాను బాంబు స్క్వాడ్ విప్పి తీసుకెళ్ళింది. పైకి వెళ్ళిన రిపోర్టులో 'శత్రువు పరికరంలో సాంకేతిక లోపం' అని రాశారు. ఇనాయత్ పట్టుబట్టి భీమన్న పేరు చేర్చాడు. ఎవరో కొట్టేశారు. డ్రాయింగ్ ప్రకారం పని చేయలేదని కంపెనీ భీమన్నకు వార్నింగ్ లెటర్ ఇచ్చింది. అతను దాన్ని మడిచి, ఊగుతున్న రూమ్ మంచం కోడు కింద పెట్టాడు. మంచం ఊగడం మానేసింది.

ఆ రాత్రి ఇనాయత్ అజీజాకు ఫోన్ చేసి, పనులు సరిచూసుకున్నాడు. ఐదింట్లో చేయనిది ఒక్కటే, ఐదోది. అది చేసి ఉంటే మిగతావాటితో పని ఉండేది కాదు.

మీ కాలి కింద పలక ఎప్పుడైనా చప్పుడు చేయకుండా ఊరుకుంటే, జగిత్యాల దిక్కు భీమన్నను ఒక్కసారి తలుచుకోండి.