వలలో పదకొండు ముడులు

నవంబర్ 12, 2020. ఉదయం 7:10. దీపావళికి ఇంకా రెండు రోజులు.

సూరత్‌లో డుమస్ రోడ్డు మీది వన్యప్రాణుల రెస్క్యూ సెంటర్‌లో నాలుగో నంబర్ పంజరం ఖాళీ. గూటిపెట్టెలో రెండు గుడ్లు మాత్రం మిగిలాయి. తల్లి లేదు. తండ్రీ లేదు.

వేసిన తాళం వేసినట్టే ఉంది.

పోయినవి ఫారెస్ట్ ఔలెట్ల జంట. చిన్న జాతి అడవి గుడ్లగూబలు. నూరేళ్ళకు పైగా ఎవరి కంటా పడక, ఇక అంతరించినట్టేనని అందరూ చేతులు దులుపుకున్నాక మళ్ళీ కనిపించిన పక్షి అది. మనుషులు ఊరుకుంటారా? డాంగ్ అడవిలో దొంగతనంగా టేకు చెట్టు కొట్టేశారు. తొర్రతో సహా కిందపడ్డ ఈ జంటను తెచ్చి ఎనిమిది నెలలు సాకితే, ఇప్పటికి గుడ్లు పెట్టింది.

రేంజ్ ఆఫీసర్ నవత గుడ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉన్నాయి.

"బతుకుతాయా డాక్టర్?"

వెటర్నరీ డాక్టర్ కోమలి మాస్కు సర్దుకుంది. "ఇంక్యుబేటర్ రిపేరుకు పోయి లాక్‌డౌన్‌లో ఇరుక్కుంది. బల్బు పెడతాను. మధ్యాహ్నంలోగా తల్లి రావాలి."

"రాకపోతే?"

"ఆమ్లెట్‌కు కూడా పనికిరావు."

సెంటర్ మేనేజర్ వరప్రసాద్ అప్పటికే కేసు తేల్చేశాడు. "పంజరం నైలాన్ వల తెగలేదు. తాళం పగల్లేదు. తాళంచెవి వాచ్‌మన్ అంబదాస్ దగ్గరే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

అంబదాస్ చెంప మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి.

"తాళం నేను తియ్యలే మేడం. పిల్లల మీద కసమ్."

ఆరింటికి మేత వేసినప్పుడు పక్షులు ఉన్నాయి. ఆ తర్వాత లోపల ఉన్నది ముగ్గురే. అంబదాస్, పక్షులకు మేత వేసే ఆదర్శ్, ఊడ్చే ముత్యం.

ముత్యం నవత తండ్రి. నలభై ఏళ్ళు సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపాడు. మార్చిలో కార్ఖానా మూతపడింది. గోడాదరాలోని గదిలో గోడలు చూస్తూ కూర్చున్న మనిషికి ఈ పని ఇప్పించింది నవతే.

"ఆరున్నరకు ఎక్కడున్నవ్, బాపు?"

"చెత్త బయట పారవోస్తున్న బిడ్డా."

అదే రాసుకుంది. చీమను తొక్కాలన్నా వెనకాడే మనిషి. ఆయన్ని ఇంకేం అడుగుతుంది?

8:25. నవత పంజరం చుట్టూ మోకాళ్ళ మీద పాకింది. వల మీద వేళ్ళు ఆనించి అంగుళం అంగుళం తడిమింది. వెనక మూలలో వల కాస్త బిగిసి ఉంది.

ముడులు. బియ్యపు గింజంతవి. పదకొండు.

కళ్ళకంటే ముందు వేళ్ళే గుర్తుపట్టాయి. అయిదేళ్ళప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న ముడి అది.

నోరు మూసుకుంటే చాలు. అంబదాస్ జైలుకు పోతాడు, బాపు ఇంటికి వస్తాడు. కానీ తల్లిపక్షి ఎక్కడుందో తెలిసేది బాపుకే.

9:05. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరికి రెండేసి నైలాన్ దారం ముక్కలు ఇచ్చింది.

"ముడెయ్యండి."

ఆదర్శ్ బూటు లేసుకు వేసినట్టు వేశాడు. అంబదాస్ గడ్డిమోపుకు వేసినట్టు వేశాడు. ముత్యం చూడను కూడా చూడలేదు. వేళ్ళు ఒక్కసారి ఆడాయి, అంతే.

"చూసినవా బిడ్డా? ఇంక మర్వలే," అని నవ్వాడు.

నవత నవ్వలేదు.

"దొంగ వల కోసే లోపలికి పోయాడు. అలాగే వదిలేసి పోతే బయటివాళ్ళ పనే అనుకునేవాళ్ళం. కానీ ఆగి, పదకొండు పోగులూ అతికి మరీ పోయాడు. నలభై ఏళ్ళు సాంచె ముందర నిలబడ్డ మనిషి తెగిన పోగును వదిలి కదల్లేడు." తండ్రి వైపు తిరిగింది. "యాడున్నయి, బాపు?"

ముత్యం దారాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"మా కార్ఖానా సేటు అడిగిండు. అమాస పూజకు గుడ్లగూబ గావాలన్నడు. పూజైతే కార్ఖానా చల్తదట. పాతోళ్ళను మళ్ళ పనిల వెట్టుకుంటనన్నడు. తువాల్ల చుట్టి, చెత్తబుట్టల వెట్టి, గేటు కాడ ఆయన మనిషికి ఇచ్చిన."

10:40. ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడ. సేటు కార్ఖానా. చుట్టూ యూనిఫారాలు కనబడేసరికి సేటు దాచలేదు. పైగా విసుక్కున్నాడు.

"ఇవేం గూబలు మేడం, పిచ్చుకలంత ఉన్నాయి! పూజకు చెవుల్లాంటి ఈకలున్న పెద్దది కావాలి. ఇవి పనికిరావని పారేయించాను."

"ఎక్కడ?"

అతను వెనక్కి చూపించాడు. అద్దకం మిల్లుల రంగునీళ్ళ కాలువ.

రెండూ అక్కడే ఉన్నాయి. ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా. కాళ్ళకు కట్టిన దారం కట్టినట్టే ఉంది. దాని ముడి నవత చూడదలచుకోలేదు, అయినా చూసింది.

1:05. సెంటర్‌లో కోమలి బల్బు ఆర్పేసింది.

బెంచీ మీద ముత్యం ఒదిగి కూర్చున్నాడు. సేటు మాట అప్పటికే ఆయన చెవిన పడింది.

"పెద్దది పక్క పంజరంలనే ఉండె," అన్నాడు. "దాని గోర్లు జూస్తే భయమైంది బిడ్డా. వేళ్ళు వోతే రేపు సాంచె మీద పోగెట్ల అతుకుత? అందుకే చిన్నయి పట్టిన. గుడ్లగూబలు మస్తుంటయి గదా. గీ రెండింటికే నన్ను జైలుకు వంపుతవా?"

నవత రెండు గుడ్లనూ తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

ముత్యం ఉలిక్కిపడ్డాడు. "గింత సల్లగున్నయేంది బిడ్డా?"

ఆమె గుడ్లు తీసుకుని ఎవిడెన్స్ డబ్బాలో పెట్టింది. ఇంకు ప్యాడ్ తెరిచి, తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కటిగా పది వేలిముద్రలూ వేయించింది. ఒక్క వేలికీ గీరుకున్న గుర్తు లేదు.