వీరభద్రప్ప నడుము

తెల్లవారుతుండగా వీరభద్రప్పకు మగ్గం చప్పుడు వినబడింది. సగం నిద్రలో ఉన్నాడు. నూలు మోసే నాడె అటు పోతోంది, ఇటు వస్తోంది. దుప్పటి కింద ఆయన కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. కళ్లు తెరిచేసరికి ఆ చప్పుడు పక్కింటిది. ఆయన మగ్గం లోపలి గదిలో దుమ్ము పట్టి ఉంది. నడుములో నొప్పి కూడా ఆయనతో పాటే మేలుకుంది.

"ఉండప్పా, లేవొద్దు. నేనొస్తాండా," అంటూ నాగేష్ వచ్చి తండ్రి చంకల కింద చేతులు వేశాడు.

నాగేష్ ఒక్కడే కొడుకు. ఆదోనిలో జిన్నింగు మిల్లులో పని. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తాడు. పోయేముందు తండ్రిని లేపి కూర్చోబెట్టి, చెంబు అందించి, చెప్పులు కూడా తానే తొడుగుతాడు. ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం వీరభద్రప్ప కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి లేవబోయి నడుము పట్టేసి అక్కడే కూలబడ్డాడు. ఎత్తి బయటికి తీసింది నాగేషే. ఆ రోజు నుంచి తండ్రి కదిలితే అతనికి ఊపిరి ఆడదు.

పెద్ద డాక్టరు ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. మాత్ర మింగితే నొప్పి పక్కకు పోయి కూర్చునేది. తర్వాత మళ్లీ వచ్చేది.

"శనివారం మేస్త్రీ సుంకప్పన్న వస్తాడు," అన్నాడు నాగేష్. "మగ్గం తీసేసి గుంట పూడ్పిస్తా. బండలు పరిపిస్తా. ఆ గదిలో నీకు మంచం, ఫ్యాను. ఇంగ హాయిగా పండుకో."

వీరభద్రప్ప లోపలి గది వైపు చూసి తల దించుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు.

"పండుకోవడంలో మీ నాయన ఆరితేరినాడు లే," అంది అంబమ్మ పొయ్యి దగ్గర నుంచి. "అదొక్కటే ఎవురూ నేర్పాల్సిన పని లేదు."

నాగేష్ సందు తిరిగాడో లేదో భవాని తలుపు దగ్గరికి వేసింది.

"మామా, చేస్తాండావా?"

"ఏంది?"

"అదే, అఫ్సానా మేడమ్ చెప్పినవి. రేపు శుక్రవారం. పోవల్ల కదా."

"చేస్తాలే."

భవాని ఇంటి కోడలు. మామను శుక్రవారం శుక్రవారం ఆదోనికి ఫిజియోథెరపీకి తీసుకుపోతున్న సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే పంపడు. నాగేష్ ఎక్కిన బస్సు పోయాక వీళ్లు వేరే బస్సు ఎక్కుతారు. ఆదోనిలో దిగగానే వీరభద్రప్ప తలకు తువ్వాలు కప్పుకుంటాడు. "దొంగసారాకు పోయినట్ల పోతాండారు మామా కోడలు," అని అంబమ్మ నవ్వేది. నవ్వుతూనే దారికి సద్ది కట్టేది.

మొదటిరోజు అఫ్సానా ఆయన్ను పడుకోబెట్టలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "పెద్దాయనా, నొప్పి తగ్గితే నువ్వు ఏం చేయాలనుకుంటాండావు?" అని అడిగింది. ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. ఆయన నేల చూస్తూ, "మగ్గంలో కూసోవల్ల," అన్నాడు.

ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది. "ఎముకలు కొంచెం అరిగినాయి. నీ తలలో తెల్లెంట్రుకల మాదిరి. వాటికి భయపడేది లేదు. నీ నడుము కదల్డం మర్చిపోయింది. మెల్లగా గుర్తుచేద్దాం." మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని నడుమును మెల్లగా చాపకు అదమడం నేర్పింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం నేర్పింది. ఇంట్లోనే అటూ ఇటూ నడవమంది. "కొంచెం పొద్దున, కొంచెం మాపున. రోజూ. నొప్పి కొంచెం లేస్తాది. లేసినంత మాత్రాన లోపల ఏమో తెగిందని కాదు."

కొన్ని వారాలకు ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కొడుకు మిల్లులో ఉన్న వేళల్లోనే.

అయితే ఈ వారం ఆయన ఏమీ చేయలేదు. బద్ధకం కాదు, అలవాటు. నేసే రోజుల్లో షావుకారికి శుక్రవారం బట్ట ఇవ్వాలంటే సోమవారం మంగళవారం ఊరికే గడిచిపోయేవి. బీడీలు, మాటలు. గురువారం దిగితే ఇక గుంటలోంచి లేచేది లేదు. చిన్నప్పటి నుంచి ఆయన అన్ని బట్టలూ అట్లాగే నేశాడు. అఫ్సానాకు అప్పజెప్పేది కూడా శుక్రవారమే కదా అనుకున్నాడు.

ఆ గురువారం పొద్దెక్కాక భవాని రేషనుకు పోయింది. అంబమ్మ పక్కింట్లో నూలు కండెలు చుడుతోంది. వీరభద్రప్ప చాప పరుచుకున్నాడు. నడుము అదిమాడు, వదిలాడు. పక్కింటి మగ్గం మోతకు సరిగ్గా సరిపోయింది. కిటికీ వెలుతురు చాప మీదుగా జరుగుతూ పోయింది. ఆయన ఆగలేదు. ఎక్కడో నీళ్ల మీద పడుకున్నట్టుంది. తనే నేస్తున్నట్టుంది. లేచి కూర్చోవడం, కూర్చుని లేవడం. వారమంతా చేయాల్సింది ఆ పూటే చేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకు ఒంటి నిండా చెమట పట్టింది. సంతోషంగా పడుకున్నాడు.

మళ్లీ లేవలేకపోయాడు.

సాయంత్రం నాగేష్ వచ్చేసరికి తండ్రి చాప మీదే ఉన్నాడు. పళ్లు బిగించి ఉన్నాడు. అంబమ్మ వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతోంది. భవాని దాచలేదు. అంతా చెప్పింది.

"నన్ను అడగాలని తోయలేదా నీకు?" అన్నాడు నాగేష్. గొంతు పెంచలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"అడిగితే నువ్వు ఒప్పుకుంటాంటివా?"

"ఒప్పుకోను. చూడు, ఏమైందో. ఆయప్ప గుంటలో పడిన దినం నువ్వు లేవు ఈ ఇంట్లో. ఎత్తింది నేను."

"ఎత్తినావు. మళ్లా కిందికి దించలేదు," అంది భవాని.

"నోరు ముయ్యండి ఇద్దరూ," అంది అంబమ్మ. "గుడ్డ చల్లారిపోతాంది."

"రేపు నేనే పోతా ఆయమ్మ దగ్గరికి," అన్నాడు నాగేష్. "అడుగుతా. ఎల్లుండి గుంట పూడ్పిస్తా. అంతే."

"నేనూ వస్తా," అన్నాడు వీరభద్రప్ప చాప మీద నుంచి.

పొద్దునకు నొప్పి కొంత దిగింది. నాగేష్ మిల్లుకు సెలవు చెప్పి, తండ్రిని ఆటోలో బస్టాండుకు, బస్సులో ఆదోనికి తీసుకుపోయాడు.

అఫ్సానా అతని కోపమంతా విన్నది. తర్వాత నడుము, కాళ్లు పట్టి చూసింది. "పెద్దాయనా, నిన్న ఏం చేసినావు?"

"వారం పని."

"అంతా ఒకే దినమా? ఎవురు చెప్పినారు?"

"శుక్రవారానికి ఇయ్యల్ల కదా తల్లీ."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "బట్ట కాదు పెద్దాయనా ఇది. చెట్టుకు రోజూ కొంచెం పోసే నీళ్లు." నాగేష్ వైపు తిరిగింది. "కండరాలు అలిసి పట్టేసినాయి అన్నా. దెబ్బ ఏం లేదు. ఓ నాలుగు దినాలు తగ్గించి చేస్తే సరిపోతాది."

"మగ్గం వల్లే కదా ఇదంతా?"

"లేవకుండా కూసోవడం వల్ల కొంత. తర్వాత లేవకుండా పండుకోవడం వల్ల కొంత. మధ్యలో లేస్తా, నడుస్తా నేస్తే నాకు భయం లేదు. నొప్పి మొత్తం పోతాదని చెప్పను. నొప్పి ఉన్నా పని చేసుకునేంత బలం వస్తాది." ముసలాయన చెప్పుల వైపు చూసి అడిగింది. "ఇంట్లో ఆయన చెప్పులు ఎవురు తొడుగుతారు?"

"నేనే."

"ఎందుకు?"

నాగేష్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

వీరభద్రప్ప కొడుకును చూశాడు. "నాగేశా, నేను లేసేటప్పుడు ముందు నీ మొగం చూస్తా. ఆ మొగంలో నేను అప్పటికే పడిపోయి ఉంటా. ఇంగ యాడ లేసేది?"

ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నాగేష్ ఎప్పుడూ వినలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, గోడ మీద బొమ్మ ఏదో చూస్తున్నట్టు చూశాడు. కళ్లలో నీళ్లకు ఆ బొమ్మ కనబడలేదు.

తిరుగు బస్సులో పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. వీరభద్రప్ప తల కిటికీకి ఆన్చి కునుకు తీశాడు. మోకాళ్లు మగ్గం తొక్కుతున్నట్టు మెల్లగా కదులుతున్నాయి. నాగేష్ వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. "సుంకప్పన్నా, శనివారం రావొద్దులే. లేదు, తర్వాత కూడా వద్దు. ఆయప్పకు ఆ గుంటతో పనుంది."

ఎమ్మిగనూరులో దిగేసరికి పొద్దు వాలింది. నాగేష్ ఆటోను పిలవబోయి చెయ్యి దించేశాడు.

"ఇల్లు దగ్గరే కదప్పా. యాడన్నా కూసోని కూసోని పోదామా?"

"నువ్వు ముందు నడువు," అన్నాడు తండ్రి. "ఎనక్కి సూడొద్దు."

నాగేష్ ముందు నడిచాడు. సందులో అద్దకం నూలు ఆరేసి ఉంది. ఎరుపు, పసుపు, వాటి మధ్య నుంచి వచ్చే ఎండ. మనుషులు ఆ రంగుల్లోంచి వచ్చి ఆ రంగుల్లోకే పోతున్నట్టున్నారు. వెనక తండ్రి చెప్పుల చప్పుడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా.

ఒకచోట అది ఆగిపోయింది.

నాగేష్ ఊపిరి బిగబట్టాడు. మెడ దానంతటది తిరగబోయింది. తిప్పలేదు. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే తండ్రి చూస్తాడు. ఎవరి అరుగు మీదో మనిషి కూర్చున్న అలికిడి, ఒక నిట్టూర్పు. ఎవరో ముసలామె, "ఏంపా వీరభద్రప్పా, నడిసొస్తాండావే," అని పలకరించింది. "ఊ," అన్నాడు వీరభద్రప్ప.

కొంతసేపటికి చెప్పులు మళ్లీ కదిలాయి. నాగేష్ ఇంకా మెల్లగా నడిచాడు.