గాలిదొర దిగిన ఊరు

నర్సు సులోచన రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చి ఏటిపుట్టు ఊరి రాతిబండ మీద దిగగానే ఊళ్లో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి.

లోయకు ఇవతల స్క్రీన్ ముందు కూర్చున్న డాక్టర్ షమీమ్ తల పట్టుకుంది. "మళ్లీనా! కబురు పంపిందీ వీళ్లే, తలుపులేసుకునేదీ వీళ్లేనా!"

ఆ రెక్కలు షమీమ్ కనిపెట్టినవే. కార్బన్ ఫైబర్ ఈకలు, వీపున బ్యాటరీ, భుజాల కదలికను పసిగట్టే సెన్సార్లు. భుజం ఎటు వంచితే రెక్క అటు వాలుతుంది. రోడ్డు లేని కొండ ఊళ్లకు నర్సు ఇట్టే చేరిపోవచ్చు. గాలి వేగం, మనిషి బరువు, అన్నీ లెక్క వేసిన షమీమ్‌కి గాలిదొరల సంగతే తట్టలేదు.

ఆ కొండల్లో తాతలనాటి కథ అది. మనిషి ముఖం, గద్ద రెక్కలు ఉన్న గాలిదొరలు శిఖరం మీంచి దిగి, నచ్చినవాళ్లను ఎత్తుకుపోతారట. పోయినవాళ్లు తిరిగి రారట.

ఊళ్లో ఒక ఇంట్లో పాంగి ముత్యాలమ్మ కోడలు జమునకి కాన్పయింది. రక్తం ఆగడం లేదు. దాన్ని ఆపే ఇంజెక్షన్ నర్సు సులోచన పెట్టెలో ఉంది.

"ముత్యాలమ్మగారూ, అది మెషీనమ్మా! వచ్చింది మన నర్సే!" రెక్కలకున్న స్పీకర్లో అరిచింది షమీమ్.

"గాలిదొరలూ మనిషి గొంతుతోనే పిలుస్తారంట," తలుపు వెనకనుంచే అంది ముసలమ్మ. "నా కోడల్ని ఇవ్వను."

"అయ్యో! ఏరోడైనమిక్స్ ప్రకారం చూస్తే..."

సులోచన విసుగ్గా స్పీకర్ కట్టేసింది. బకిల్స్ విప్పి రెక్కల్ని బండ మీద వదిలేసి, దిగేటప్పుడు దోక్కుపోయిన మోకాలితో కుంటుతూ వెళ్లింది. కారుతున్న ఆ రక్తాన్ని కిటికీ సందులోంచి చూసి, వచ్చింది మనిషేనని ముత్యాలమ్మ గడియ తీసింది.

జమున బతికింది. ఆ తర్వాత రెక్కల చప్పుడు వినబడితే చాలు, ఊరంతా బండ దగ్గరికి పరుగెత్తేది. షమీమ్ మురిసిపోయింది.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఒకరోజు ముత్యాలమ్మ కొండ దిగి నేరుగా ఆమె ల్యాబ్‌కి వచ్చింది.

"మాకు రావలసిన రోడ్డు ఆపేశారంటమ్మా. ఎగిరే నర్సుండగా రోడ్డెందుకన్నారంట. మా మిరియాల బస్తాలకి రెక్కలు కడతావా? గాలిదొరలు మనుషుల్నే ఎత్తుకుపోయేవాళ్లు, నువ్వు రోడ్డునే ఎత్తుకుపోయావు!"

షమీమ్ మండిపడుతూ రోడ్డు ఆపిన పెద్ద ఆఫీసుకి వెళ్లింది.

"మీ రెక్కలు వానాకాలంలో ఎగరవా?" ఆశ్చర్యపోయాడు అధికారి.

"జోరువానలో ఎగరవు సార్. అందుకే రోడ్డు కూడా కావాలంటున్నాను."

"ఈ మాట ముందే చెప్పాలి కదమ్మా!" అని ఆయన అప్పటికప్పుడే రోడ్డు మంజూరు చేశాడు. అదే పెన్నుతో రెక్కల ప్రాజెక్టు రద్దు చేశాడు. "ఎగరని రెక్కలతో పనేముంది?"

"ఎగరవని ఎవరన్నారు సార్? రోడ్డు పూర్తయ్యేదాకానైనా..."

"రెండూ ఎందుకమ్మా!" అంటూ ఆయన ఫైలు మూసేశాడు.

రోడ్డు పని ఇంకా కొండ మొదట్లోనే ఉంది. జమున బిడ్డకి టీకా వేయాల్సిన రోజు సులోచన మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని వాగులోకి దిగింది. వెనకే రెండో పెట్టెతో షమీమ్. అవతలి గట్టెక్కేసరికి ఆమె చెప్పు బురదలో కూరుకుపోయింది.

"మేడమ్, చెప్పు వదిలేయండి. ఆలస్యమైతే టీకా పాడైపోతుంది," అంది సులోచన వెనక్కి చూడకుండా.

షమీమ్ పళ్లు నూరుకుంటూ రెండో చెప్పు కూడా విసిరేసి, కొండెక్కడం మొదలుపెట్టింది.