చూరులో సత్తుగ్లాసు

“నా కూతురి నోటికాడి కూడు నా చేతులారా తీసేశాను...” అంటూ కోటిరత్నం వాకిట్లోనే కూలబడింది.

కూతురు సాయిసుధ ఓదార్చలేదు. ఎలా ఓదారుస్తుంది? బాపట్లలో ఎస్సీ కోటాలో నర్సింగు సీటు వచ్చింది. రేపు సాయంత్రంలోగా కుల సర్టిఫికెట్ చూపించకపోతే ఆ సీటు ఇంకొకరిది! స్కూలు రికార్డులో చూస్తేనేమో వేరే కులం ఉంది. పన్నెండేళ్ళ కిందట పిల్లను తెనాలిలో చెల్లెలింట్లో ఉంచి బడిలో వేస్తూ అలా రాయించింది కోటిరత్నమే. మాదిగ పిల్లని తెలిస్తే ఎడంగా కూర్చోబెడతారేమోనని ఆ తల్లి భయం.

“ఎందుకమ్మా అబద్ధం రాయించావ్?”

“నాకు జరిగింది నీకు జరక్కూడదనమ్మా...”

“నీకేం జరిగింది? ఎప్పుడన్నా చెప్పావా?”

కోటిరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. చెప్పుకునే సంగతులైతేగా!

విచారణకు వచ్చిన వీఆర్వో వినోద్ కుమార్ మంచివాడే. “మీ పేటవాళ్ళ మాట ఒక్కటే చాలదమ్మా, రికార్డు అడ్డమొస్తోంది. ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా చెబితే రాసేస్తాను,” అన్నాడు.

ముగ్గురూ రైతు వెంకటకృష్ణయ్య ఇంటికి వెళ్ళారు. పాతికేళ్ళుగా ఆయన పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, గొడ్లచావిడి ఊడ్చిన మనిషి కోటిరత్నం. ఆమె కులం ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

ఆఫీసరును చూడగానే, కులం మాటెత్తితే ఏ కేసు మెడకు చుట్టుకుంటుందోనని ఆయన భయపడ్డాడు. “మా ఇంట్లో అలాంటివి చూడమండి. ఎవరిది ఏ కులమో మేమెప్పుడూ అడగలేదండి,” అన్నాడు.

“రత్నం మా ఇంటి మనిషండి,” అంది ఆయన భార్య కుసుమకుమారి నవ్వుతూ.

వినోద్ కుమార్ కలం మూసేశాడు. సాయిసుధ మొహం పాలిపోయింది.

కోటిరత్నం కూతురి వైపు చూసింది. ఈ ఒక్కటీ పిల్ల కంటబడకూడదనే కదా కడుపుతీపి చంపుకుని ఇన్నేళ్ళు దూరంగా ఉంచింది! ఇప్పుడు తన చేత్తోనే చూపించాలా...

గొడ్లచావిడి దగ్గరకు నడిచింది. చూరులో చెయ్యిపెట్టి, సొట్టపడిన సత్తుగ్లాసు ఒకటి తీసింది.

“సారూ, ఇది నాదండి. పాతికేళ్ళుగా ఈ ఇంట్లో నాకు టీ పోసేది దీంట్లోనేనండి. తాగి, నేనే కడుక్కుని, మళ్ళీ నేనే ఇక్కడ పెట్టుకోవాలి. నా కులం తెలీదంటున్నారుగా... మరి ఇది ఇంట్లో గ్లాసుల్లో ఎందుకు లేదో అడగండి.”

కుసుమకుమారి నవ్వు ఆగిపోయింది. వెంకటకృష్ణయ్య తలెత్తకుండానే, “మాదిగవాళ్ళేనండి. రాసుకోండి,” అని సంతకం పెట్టాడు.

ఇక సీటుకు ఢోకా లేదు. తల్లీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. తల్లి దగ్గర తీసుకున్న గ్లాసు సాయిసుధ చేతిలో ఉంది.

ఇంట్లో టీ కాచి, తల్లికి మంచి స్టీలుగ్లాసులో ఇచ్చి, తను ఆ సత్తుగ్లాసులో పోసుకుంది.

“అందులో నువ్వు తాగకూడదనేగా తల్లీ, నిన్ను దూరం పెట్టుకుంది...” కోటిరత్నం ఏడుస్తూ లాక్కోబోయింది.

సాయిసుధ ఇవ్వలేదు. కళ్ళనీళ్ళు కారుతుండగానే టీ మొత్తం తాగింది. అలవాటు చొప్పున కడగడానికి తల్లి చెయ్యి చాపితే, “ఇంక నువ్వు కడగొద్దమ్మా,” అని తనే కడిగి, గూట్లో మిగతా గ్లాసుల పక్కన బోర్లించింది.